పుష్యమాసం చలిలో దుంపలు నేలలోనే ఉంచాలా, తవ్వేయాలా?

రాజాం పెరడు:
ఇంటి వెనక చిలగడదుంప, కంద, ఉల్లి ఉన్నాయి. ఈమధ్య ఇంగ్లండ్ తోటల వీడియో ఒకటి చూశాను. అక్కడ మంచు పడ్డాక క్యారెట్ తియ్యబడుతుందని నేలలోనే వదిలేస్తారు, ఉల్లిని మాత్రం ముందే తీసేస్తారు. మా మావయ్య కూడా చిలగడదుంపని శివరాత్రి దాకా కదపొద్దు, అప్పుడే రేటు అంటున్నాడు. నాలుగు నెలలు నిండిన తీగ. ఏం చెయ్యమంటారు?

ఉద్దానం రైతు:
మీ మావయ్యగారు చెప్పింది నిజమే. నేలలో ఉన్నంతకాలం దుంప వాడదు, బరువు తగ్గదు. మా కొబ్బరి తోటలో కందని మాఘమాసం పెళ్లిళ్లు మొదలయ్యేదాకా ముట్టుకోను. ఇప్పుడే తవ్వేసి షావుకారు చెప్పిన రేటుకి ఇచ్చేయడం ఎందుకండీ?

నాగావళి గట్టు:
కందకి సరే. చిలగడదుంపకి ఒప్పుకోను.

ముందు ఆ వీడియో సంగతి. క్యారెట్ చలిదేశపు పంట. చలికి తట్టుకోవడానికి తనలోని పిండిని చక్కెరగా మార్చుకుంటుంది, అందుకే ఆ తీపి. చిలగడదుంప వేడిదేశపు పంట, బాగా చల్లబడితే దెబ్బతింటుంది. అయినా మన జిల్లాల్లో జనవరి తెల్లవారుజామున కూడా 15 డిగ్రీల చుట్టుపక్కలే కదా. చలివల్ల మనకి లాభమూ లేదు, భయమూ లేదు.

అసలు భయం ముక్కుపురుగు. వానలు ఆగి నేల ఎండితే బోదె మీద, అంటే తీగ నాటిన మట్టికట్ట మీద, పగుళ్లు వస్తాయి. చీమలా కనిపించే ఆ పురుగు పగుళ్లలోంచి దిగి దుంపలో గుడ్లు పెడుతుంది. ఒక దుంప కోసి చూడండి: నల్లటి సొరంగాలు, వాసన. కాస్త తగిలినా కూర చేదెక్కిపోతుంది, అలాంటివి పశువులకి పెట్టడం కూడా మంచిది కాదు. రేటు కోసం రెండు నెలలు ఆగితే అమ్ముకోవడానికి ఏం మిగులుతుంది?

ఉద్దానం రైతు:
పగుళ్లే మీ బాధయితే పలచగా తడిపి మట్టి ఎగదోస్తే సరిపోతుంది కదా.

నాగావళి గట్టు:
సంక్రాంతి దాకా సరిపోతుంది, కాదనను. శివరాత్రి దాకా అంటే తడిపిన కొద్దీ దుంప ముదిరి పీచు పడుతుంది, మొలకలూ వస్తాయి. ఇంకో మాట, కందకైనా పల్లపు మడిలో ఈ ధీమా పనికిరాదు. 2018లో తిత్లీ తుఫాను అక్టోబర్‌లో వచ్చింది, అదే ఏడాది పెథాయ్ తుఫాను డిసెంబర్ మధ్యలో వచ్చింది. నీళ్లు నిలిచిన నేలలో కంద కుళ్లడానికి ఎన్నాళ్లో పట్టదు.

ఉద్దానం రైతు:
మాది ఇసుక నేల, నీరు నిలవదు. ఆకు పండి కాడ పడిపోయాక వేసవి వానలకి మొలకెత్తేలోపు తీస్తే చాలు. కంద విషయంలో నేను కదలను.

బొబ్బిలి అత్త:
అందరూ ఉల్లిని మరిచిపోయారు బాబూ. సగం మొక్కలు మెడ వాల్చాయా? అయితే నీళ్లు ఆపేసి పీకేయండి. రాత్రి మంచుకి తడిసిన ఆకు మీద ఊదామచ్చ తెగులు పెరుగుతుంది, మెడ ఆరకపోతే గడ్డ లోపలినుంచి కుళ్లుతుంది. పీకాక ఒక వరస ఆకులు పక్క వరస గడ్డల మీద పడేలా పరవాలి, ఎండ గడ్డకి నేరుగా తగలకూడదు. సాయంత్రం కప్పి, పొద్దున్న మంచు ఆరాక తియ్యాలి. మెడ రెండు వేళ్ల వెడల్పంత ఉంచి కొయ్యండి. మొదలంటా కోస్తే నిలవుండదు.

రాజాం పెరడు:
ఉల్లి రేపే పీకిస్తాను. చిలగడదుంప తవ్వితే శివరాత్రి దాకా ఉంటుందా?

నాగావళి గట్టు:
గునపం తగిలినవి వేరు చేసి ముందు వండుకోండి. మిగతావి కడగకుండా, వారం రోజులు నీడలో గోనెపట్టా కప్పి ఉంచితే చిన్న గీతలు మానిపోతాయి. తర్వాత పొడి ఇసుకలో పెట్టండి. కొన్ని పాడవుతాయి, వారం వారం ఏరుకోవాలి. శివరాత్రి రేటే కావాలంటే వచ్చే ఏడాది తీగముక్కలు అక్టోబర్‌లో నాటండి, నాలుగు నెలలకి సరిగ్గా పండగ ముందు చేతికొస్తుంది. తవ్వేముందు ఆరోగ్యంగా ఉన్న తీగల కొసలు కొన్ని తీసి వేరే మడిలో పాతుకోండి. పాత మడిలో మాత్రం వెంటనే మళ్లీ చిలగడదుంప వద్దు, పురుగు అక్కడే ఉంటుంది.