కర్ణం 10, చుట్టుకొలత 30: ఇలాంటి దీర్ఘచతురస్రం ఉంటుందా?

ప్రశ్న: చుట్టుకొలత 30 సెం.మీ., కర్ణం 10 సెం.మీ. ఉన్న దీర్ఘచతురస్రం వైశాల్యం ఎంత అని ఒక నమూనా పరీక్షలో అడిగారు. పొడవు, వెడల్పుల మొత్తం 15 కనుక, దాని వర్గమైన 225 నుంచి కర్ణం వర్గం 100 తీసివేసి సగం చేస్తే 62.5 వస్తుంది, ‘కీ’లోనూ అదే ఉంది. కానీ పొడవు, వెడల్పు విడివిడిగా ఎంతకీ తేలడం లేదు.

జవాబు: తేలవండీ, అలాంటి దీర్ఘచతురస్రమే లేదు. భుజాల వర్గాల మొత్తం 100 నుంచి వాటి లబ్ధానికి రెట్టింపు 125 తీసివేస్తే వచ్చే భుజాల భేదం వర్గం 100 − 125, అంటే −25 అవుతోంది; ఏ పొడవు వర్గమూ రుణ సంఖ్య కాదు కదా.

మరో జవాబు: కర్ణం 10 అయినప్పుడు చుట్టుకొలత 20√2, అంటే సుమారు 28.28 దాటదు, ఆ గరిష్ఠ విలువ చతురస్రానికే వస్తుంది. చుట్టుకొలత 28 అని ఇచ్చి ఉంటే భుజాలు 6, 8గా, వైశాల్యం 48గా చక్కగా వచ్చేవి. సూత్రంలో అంకెలు వేసి ఊరుకోకుండా భుజాలు కూడా కట్టి చూడడం ప్రశ్న రాసేవారి కనీస బాధ్యత, ఎందుకంటే ఇక్కడ లోతుగా ఆలోచించిన విద్యార్థికే సమయం వృథా అవుతోంది. మీరు తప్పకుండా అభ్యంతరం తెలపండి.