ముందు సున్నా కొట్టిన మొబైల్ నంబర్ వరంగల్ ల్యాండ్‌లైన్ గేట్‌వేకి పోతోంది, రూట్ ఎలా రాయాలి?

నమస్తే అందరికీ. ఎనుమాముల మార్కెట్ దగ్గర మాది మిర్చి కమీషన్ దుకాణం. మా ఫోన్ కాల్స్ నడిపే ఆస్టరిస్క్ సర్వర్‌కి రెండు దారులున్నాయి: ఒకటి సిప్ ట్రంక్ (ఇంటర్నెట్ మీద కాల్స్ పంపే లైన్), ఇంకోటి పాత ల్యాండ్‌లైన్‌కి తగిలించిన గేట్‌వే (సర్వర్ కాల్స్‌ని ఆ లైన్‌లోకి పంపే పెట్టె). వరంగల్ ఎస్‌టీడీ కోడ్ 0870తో మొదలై మొత్తం 11 అంకెలుంటే లోకల్ అనుకుని, ఆ 0870 తీసేసి మిగతా ఏడంకెలు గేట్‌వే డయల్ చేస్తుంది. మిగతావన్నీ ట్రంక్‌కి.

చిక్కు ఢిల్లీ వ్యాపారితో వచ్చింది. ఆయన మొబైల్ 8700తో మొదలవుతుంది. 2021 జనవరి నుంచి ల్యాండ్‌లైన్‌లో మొబైల్‌కి చేస్తే ముందు సున్నా కొట్టాలి కదా, మా గుమస్తాకి అదే అలవాటు. దాంతో అది 08700 అవుతుంది, సర్వర్ వరంగల్ నంబరే అనుకుంటుంది. గేట్‌వే లాగ్‌లో సున్నాతో మొదలయ్యే ఏడంకెలు కనిపిస్తున్నాయి, ఫోన్‌లో మాత్రం "నంబర్ సరిచూసుకోండి" అని వినిపిస్తోంది. సీజన్‌లో ఇదేం టెన్షన్!

ఎస్‌టీడీ కోడ్ తర్వాత 2 ఉంటేనే గేట్‌వేకి పంపితే చాలా, లేక 2 నుంచి 7 దాకా రాయాలా? ప్రైవేటు కంపెనీల ల్యాండ్‌లైన్లు 2తోనే మొదలవ్వవు కదా, అందుకే అనుమానం.

లేదా అన్ని నంబర్లనూ ముందే +91 రూపంలోకి మార్చి, ఆ తర్వాత రూట్ ఎంచుకోవడం మేలా? నాకైతే ఇదే నయమనిపిస్తోంది, ట్రంక్ వాళ్లు అడిగేదీ ఆ రూపమే. కానీ గుమస్తా 0870 లేకుండా ఉత్త ఏడంకెలే కొడితే దాన్నెక్కడ పట్టుకోవాలి? ఎవరైనా ఇలా నడుపుతుంటే మీ డయల్‌ప్లాన్ (ఏ నంబర్ ఎటు పోవాలో సర్వర్‌లో రాసే నియమాలు) లైన్లు పెట్టండి, పుణ్యముంటుంది.