ఒకే గ్రహం మీద నాలుగైదు జాతులు: జనాభాలో కలపాలా, వద్దా?

అర్ధరాత్రి_కోడర్:
ఆఫీసు అయ్యాక రాత్రిళ్లు కూర్చుని ఒక చిన్న స్పేస్ స్ట్రాటజీ గేమ్ రాసుకుంటున్నాను. ఇప్పటిదాకా గ్రహానికి ఒకే జాతి, జనాభా ఒకే అంకె. మొన్న టెస్టింగులో రాతిజీవులతో వెళ్లి చేపజాతి గ్రహాన్ని గెలిచాను. గెలిచిన మరుక్షణం అక్కడున్న 40 లక్షల మందీ రాళ్లైపోయారు! మరి చేపలేమైనట్టు? అందుకే జాతుల్ని విడివిడిగా లెక్కపెట్టే పద్ధతి పెడదామనుకుంటున్నా. మా ఫ్రెండేమో "వద్దురా, మునిగిపోతావ్" అంటున్నాడు. మీరేమంటారు?

పాతకాపు:
పెట్టాల్సిందే తమ్ముడూ. 1996లోనే మాస్టర్ ఆఫ్ ఓరియన్ 2 అనే స్పేస్ గేమ్ చేసి చూపించింది. అందులో సైలాన్లనే జాతి గ్రహాన్ని గెలిస్తే సైలాన్లు అక్కడే ఉంటారు. పరిశోధనలో దిట్టలు కాబట్టి వాళ్లని ల్యాబుకి, క్లాకన్లనే ఇంకో జాతిని పొలానికో ఫ్యాక్టరీకో పంపేవాళ్లం. మౌస్‌తో జనాభాలో ఒక్కో యూనిట్‌ని చూపించే బొమ్మని పట్టుకుని ఒక వరుసలోంచి ఇంకో వరుసలోకి లాగడమే. కొత్తగా లొంగినవాళ్లు మనలో కలిసేదాకా తిరగబడతారేమోనని ఒకటే టెన్షన్. ఒక బొమ్మని వేరే గ్రహానికి తరలించాలంటే 5 ఫ్రైటర్లు (రవాణా ఓడలు) కావాలి. ఎవర్ని ఎక్కడ ఉంచాలో నిజంగా ఆలోచించేవాళ్లం.

తోకచుక్క:
పాతకాపు గారూ, అందులో గ్రహానికి మహా అయితే కొన్ని పదుల బొమ్మలు, అదీ టర్న్ నొక్కితేనే లెక్క. స్టెల్లారిస్ అనే స్పేస్ గేమ్ ఎన్ని తిప్పలు పడిందో చూడండి. 2016లో వచ్చినప్పుడు గ్రహం మీద గళ్లు, గడికొక పాప్, అంటే జనాభాలో ఒక యూనిట్. 2018 డిసెంబరులో 2.2 అప్‌డేట్‌తో గళ్లు తీసేసి ఉద్యోగాలు పెట్టారు. ఏ పాప్ ఏ ఉద్యోగానికి సరిపోతుందో మాటిమాటికీ చూసుకోవాలి కదా, గెలాక్సీ నిండేసరికి నత్తనడక. 2021లో 3.0లో సామ్రాజ్యం పెరిగేకొద్దీ జనాభా పెరుగుదల తగ్గేలా చేశారు. చివరికి 2025లో 4.0లో పాప్‌లని గుంపులు కట్టారు, పాత పాప్ ఒకటి ఇప్పుడు 100. అంతమంది కూర్చుంటేనే ఆరేళ్లు దాటింది. ఇక్కడ ఒక్కడే, అదీ అర్ధరాత్రి.

లెక్కల_మాస్టారు:
తప్పు జాతుల్ని కలపడంలో లేదు, ఒక్కొక్కరినీ విడిగా లెక్కపెట్టడంలో ఉంది. విక్టోరియా 2 అనే గేమ్‌లో ఒకే ప్రాంతంలో సంస్కృతి, మతం, వృత్తి ఒకటే అయినవాళ్లంతా ఒక వరుస, పక్కన సంఖ్య. మీరూ అదే చెయ్యండి. 8 జాతులు, 5 వృత్తులు అనుకుంటే గ్రహానికి ఎంత లేదన్నా 40 వరుసలు మించవు. జనం 4 లక్షలున్నా 4 కోట్లున్నా అవే 40.

సంకర జాతుల జోలికి మాత్రం పోకండి. 8 జాతుల్లో జతలు 28. పాతవీ కొత్తవీ కలిపి 36 రకాలు. ఆ 36లో మళ్లీ జతలు కట్టండి: 630! స్టెల్లారిస్‌లో జీనో కంపాటిబిలిటీ అని ఇలాంటిదే ఉంది. ఆట మొదలుపెట్టేటప్పుడే దాన్ని ఆపేసుకునే సెట్టింగు కూడా పెట్టారంటే అర్థం చేసుకోండి.

మిర్చిబజ్జీ:
లెక్కలు బాగానే ఉన్నాయి సార్, ఆడేవాడికి ఏంటి లాభం? నాకు యుద్ధం కావాలి. సెన్సస్ డ్యూటీ బడి టీచర్లకి ఎలాగూ తప్పదు, గేమ్‌లో కూడా నాకెందుకు?

పాతకాపు:
బజ్జీ, ఆ చేపల గ్రహంలో గనులన్నీ సముద్రం అడుగునే ఉన్నాయనుకో. రాళ్లు అక్కడ పనిచెయ్యలేవు. చేపల్ని తరిమేస్తే గనులు మూత. ఉంచుకుంటే తిరగబడకుండా నీ సైన్యంలో సగం అక్కడే కాపలా. ఇప్పుడు చెప్పు, తర్వాతి గ్రహం మీదికి ఎవర్ని పంపుతావు?

తోకచుక్క:
గుంపుల పద్ధతైతే నా అభ్యంతరం సగం పోయినట్టే. మిగతా సగం స్క్రీన్ గురించి. 40 వరుసలు ఎవరు చదువుతారు? ఆటగాడి నిర్ణయాన్ని మార్చని తేడా ఏదైనా లోపలే ఉంచండి. తిండి, వాతావరణం, కోపం చూపిస్తే చాలు. కొమ్ములెన్ని, తోకలెన్ని అన్నది బొమ్మలో కనిపిస్తుందిగా.

అర్ధరాత్రి_కోడర్:
రెండు రాత్రులు కూర్చుని రాసేశాను. జాతి, వృత్తి, సంఖ్య, కోపం అన్నీ ఒకే టేబుల్‌లో. సంకరం లేదు. మొదటి ఆటలోనే తమాషా జరిగింది. చేపల గ్రహంలో కరువొచ్చింది. రాళ్లకి తిండితో పనిలేదు. చేపలు మాత్రం తగ్గుతూ తగ్గుతూ 100 టర్న్‌లకి సున్నా. మళ్లీ ఊరంతా రాళ్లే! ఇది బగ్ అనుకోవాలా, కథ అనుకోవాలా?

తోకచుక్క:
వలస పెట్టలేదా? తిండి లేనిచోట చేపలు 100 టర్న్‌లు ఎందుకు కూర్చుంటాయి బ్రో, పక్క గ్రహానికి పోవూ?