కెర్నల్ కాన్ఫిగ్ మారిస్తే బిల్డ్ ఆగిపోతోంది, డిస్కు నిండిపోతోంది

మారతహళ్లి నుంచి ప్రశ్న:
ఉబుంటు 24.04, 8 జీబీ ర్యామ్, నాలుగు కోర్ల ల్యాప్‌టాప్. లినక్స్ 6.12 కెర్నల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) అసలు సోర్స్ దించి, /బూట్‌లో ఉన్న కాన్ఫిగ్ ఫైల్‌ని (కెర్నల్‌లో ఏమేం ఉండాలో చెప్పే జాబితా) .కాన్ఫిగ్‌గా కాపీ చేశాను. బిల్డ్ చేసే మేక్ కమాండ్ కొట్టగానే కెనానికల్-సర్ట్స్.పెమ్ అనే సర్టిఫికెట్ల ఫైల్ లేదంటూ ఆగింది. కాన్ఫిగ్‌లో అలాంటి లైన్లు చెరిపేస్తే ముందుకెళ్లింది కానీ 25 జీబీ ఖాళీ మొత్తం మింగేసింది. ఎక్కడ తప్పు చేస్తున్నానన్నా?

బనశంకరి నుంచి:
ఆ పెమ్ ఫైల్ ఉబుంటు వాళ్ల సొంత సోర్స్‌లో ఉంటుంది, మీరు దించినదాంట్లో ఉండదు. లైన్లు చెరపడం మానేయండి. .కాన్ఫిగ్‌లో లైన్ లేకపోతే "వద్దు" అని కాదు, "డిఫాల్ట్ ఏదుంటే అది" అని అర్థం. వద్దని చెప్పడానికి "ఈజ్ నాట్ సెట్" అనే లైనే ఉండాలి. ముందు హ్యాష్ గుర్తు ఉంటుంది కాబట్టి కామెంట్ అనుకుంటారు గానీ, కాదు.

సోర్స్ ఫోల్డర్‌లో స్క్రిప్ట్స్/కాన్ఫిగ్ అనే చిన్న పనిముట్టు ఉంది. దానికి --సెట్-స్టర్ ఇచ్చి సిస్టమ్_ట్రస్టెడ్_కీస్, సిస్టమ్_రివొకేషన్_కీస్ రెండిటికీ ఖాళీ కొటేషన్లు పెట్టండి. ఒకటి మాత్రమే మారిస్తే రెండోదాని దగ్గర మళ్లీ ఆగుతుంది. (ఇక్కడ తెలుగులో రాస్తున్నా, టెర్మినల్‌లో ఇంగ్లిష్ అక్షరాలే కొట్టాలి సుమా.)

డిస్కు తినేది డీబగ్ సమాచారం (తప్పులు వెతకడానికి వాడే వివరాలు). డీబగ్_ఇన్ఫోని డిసేబుల్ చేస్తే పోతుందని పాత పోస్టుల్లో ఉంటుంది, ఇప్పుడు పోదు. 5.18 నుంచి అది నేరుగా మార్చగలిగే ఆప్షన్ కాదు, తర్వాత మేక్ ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్ (మిగతా ఆప్షన్లకి డిఫాల్ట్‌లు నింపే కమాండ్) నడవగానే తిరిగొచ్చేస్తుంది. మేక్ మెనూకాన్ఫిగ్ కొడితే వచ్చే మెనూలో కెర్నల్ హ్యాకింగ్, అందులో కంపైల్-టైమ్ చెక్స్, అందులో డీబగ్ ఇన్ఫర్మేషన్‌కి వెళ్లి "డిసేబుల్" ఎంచుకోండి. దీనితో బీటీఎఫ్ (కెర్నల్ డేటా రకాల వివరాలు) కూడా పోతుంది. బీపీఎఫ్ పనిముట్లు (కెర్నల్ లోపల ఏం జరుగుతోందో చూసేవి) వాడేవాళ్లకే ఆ లోటు. 8 జీబీ ర్యామ్‌కి అదీ మంచిదే, బీటీఎఫ్ తయారుచేసే పహోల్ అనే ప్రోగ్రామ్ చివర్లో మెమరీ చాలక చచ్చిపోతుంటుంది.

మారతహళ్లి:
థాంక్సన్నా. అక్కర్లేని డ్రైవర్లు మెనూకాన్ఫిగ్‌లో ఒక్కొక్కటీ తీసేయాలా?

వైట్‌ఫీల్డ్ నుంచి:
వేలల్లో ఉంటాయి, చేత్తో తీయకండి. మేక్ లోకల్‌మోడ్‌కాన్ఫిగ్ కొట్టండి, ప్రస్తుతం లోడ్ అయి ఉన్న మాడ్యూళ్లు (డ్రైవర్ల లాంటి విడి ముక్కలు) మాత్రమే ఉంచి మిగతావి తీసేస్తుంది. మెలిక అక్కడే ఉంది. ఆ నిమిషానికి లోడ్ అయి లేని మాడ్యూల్ ఏదైనా సరే పోతుంది. కాబట్టి ముందే ఎక్స్‌ఫ్యాట్ పెన్‌డ్రైవ్ మౌంట్ చేయండి, ఫోన్‌తో యూఎస్‌బీ టెథరింగ్ పెట్టండి, బ్లూటూత్ హెడ్‌సెట్ కలపండి, వైర్‌గార్డ్ వీపీఎన్ ఆన్ చేయండి, డాకర్‌లో ఒక కంటెయినర్ నడపండి. బెంగళూరు ఎస్పీ రోడ్ ఎలక్ట్రానిక్స్ మార్కెట్లో కొన్న ఈఎస్పీ32 లాంటి మైక్రోకంట్రోలర్ బోర్డులు వాడితే వాటినీ గుచ్చండి. కొన్నిటికి సీపీ210ఎక్స్, కొన్నిటికి సీహెచ్341 డ్రైవర్ కావాలి, ఒకటి ఉంటే రెండోది ఉన్నట్టు కాదు.

ఆపైన మేక్ -జె4 బిండెబ్-పీకేజీ కొట్టండి (-జె4 అంటే ఒకేసారి నాలుగు పనులు). పై ఫోల్డర్‌లో డెబ్ ఫైళ్లు (ఉబుంటు ప్యాకేజీలు) వస్తాయి. ఇమేజ్, హెడర్స్ ఇన్‌స్టాల్ చేయండి, లిబ్‌సీ-డెవ్ వదిలేయండి. మధ్యలో కరెంటు పోతే మళ్లీ అదే కమాండ్ కొట్టండి, ఆగిన చోటునుంచే సాగుతుంది. లింక్ దగ్గర వింత ఎర్రర్ వస్తే సున్నా బైట్ల .ఓ ఫైల్ (కంపైల్ అయిన ముక్క) ఏదైనా మిగిలిందేమో వెతికి తీసేయండి.

మారతహళ్లి:
ఇన్‌స్టాల్ అయింది. రీబూట్ చేస్తే "బ్యాడ్ షిమ్ సిగ్నేచర్" అంటోంది.

బనశంకరి:
సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న కెర్నల్‌నే ఎక్కనిచ్చే రక్షణ) ఆన్‌లో ఉంది, మీ కెర్నల్‌కి సంతకం లేదు. బయోస్‌లో ఆపేయండి, లేదా సొంత మోక్ కీతో (మీ మెషీన్‌లో మీరే నమోదు చేసుకునే కీ) సంతకం చేయండి. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే మొదటిది మీ చేతిలో ఉండదు, ఐటీ వాళ్లని అడగాల్సిందే. ఈలోగా గ్రబ్ బూట్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోంచి పాత కెర్నల్ ఎంచుకోండి. దాన్ని మాత్రం అన్‌ఇన్‌స్టాల్ చేయొద్దు.

వైట్‌ఫీల్డ్:
సంతకం గొడవ తీరాక "అన్ఏబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్‌ఎస్, అన్‌నోన్-బ్లాక్(0,0)" వస్తే ముందు /బూట్‌లో ఈ వెర్షన్ పేరుతో ఇనిట్‌ర్డ్ (బూట్ మొదట్లో వాడే చిన్న ఫైల్‌సిస్టమ్) ఉందో లేదో చూడండి. చాలావరకు అదే కారణం. లేకపోతే అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ని -సీతో, -కే తర్వాత ఆ వెర్షన్ ఇచ్చి నడపండి, వెనకే అప్‌డేట్-గ్రబ్ కూడా.