చైనా అక్షరాల గీతల వరుస: రూపం సరిపోతే చాలదా?

ప్రశ్న (బల్లార్‌పూర్, చంద్రపూర్ జిల్లా)

అందరికీ నమస్కారం. బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు రాసే మా అమ్మాయి ఈ మధ్య ఫోనులో ఒక యాప్ పెట్టుకుని చైనీస్ అక్షరాలు నేర్చుకుంటోంది. తను రాసిన అక్షరం అచ్చులో ఉన్నట్టే కనిపిస్తున్నా, గీతల వరుస తప్పిందని యాప్ ఒప్పుకోవడం లేదు. పైభాగాన అడ్డగీత ఉన్న అక్షరాల దగ్గర ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. పైగా ఒక జపనీస్ పుస్తకంలో కొన్ని అక్షరాలకు వేరే వరుస చూపించారు. రూపం సరిపోయాక వరుస కోసం ఇంత పట్టుబట్టడం అవసరమా? అవసరమైతే ఏ దేశపు వరుస పాటించాలి?

జవాబు (దెగ్లూర్, నాందేడ్ జిల్లా)

తప్పకుండా అవసరమండీ. మరాఠీలో పదంలోని అక్షరాలు రాశాక శిరోరేఖ గీస్తాం, తెలుగులో తలకట్టు కూడా తరవాతే పెడతాం కాబట్టి, పైగీతను చివరికి వదిలేయడం మన పిల్లల చేతికి సహజంగా అలవడుతుంది. చైనీస్‌లో మాత్రం పైనుంచి కిందికి, ఎడమనుంచి కుడికి సాగాలి. ‘ఆకాశం’ అని అర్థమిచ్చే థియెన్ అక్షరంలో పై అడ్డగీత, దాని కింద రెండో అడ్డగీత, ఎడమకు వాలే గీత, ఆ పిమ్మట కుడికి వాలే గీత రావాలి. మీ అమ్మాయిచేత మొదట ఇలాంటి అక్షరాలే ఎక్కువగా రాయించండి.

వరుస ఎందుకంటే, చైనీయులు వేగంగా రాసేటప్పుడు కలం పూర్తిగా ఎత్తరు. ఒక గీత ముగిసిన చోటు నుంచి తరవాతి గీత మొదలయ్యే చోటికి సన్నని జాడ మిగులుతుంది. వరుస మారితే ఆ జాడలు వేరే దిక్కుకు పోయి, అలవాటుపడ్డ పాఠకుడు కూడా అక్షరాన్ని పోల్చుకోలేడు. అంటే ఇతరుల చేతిరాత చదవడానికి కూడా ఈ వరుసే ఆధారం.

సూత్రాలను గుడ్డిగా నమ్మకూడదు కూడా. ‘చిన్న’ అనే శియావ్ అక్షరంలో నడిమి నిలువుగీత ముందు, రెండు పక్కలా ఉన్నవి తరవాత. ‘నిప్పు’ అనే హువో కూడా అలాగే రెండువైపులా సమంగా కనిపించినా, అందులో పక్క చుక్కలే ముందు వస్తాయి. ‘దేశం’ అనే గువోకు సరళ లిపిలో 8 గీతలు: ఎడమ నిలువు, పైనా కుడివైపూ ఒకే మలుపుగా, తరవాత లోపలిదంతా, అన్నీ అయ్యాకే అడుగు గీతతో మూయాలి. లెక్కల గళ్ల పుస్తకంలో నాలుగేసి గళ్లు కలిపి ఒక చదరం చేసుకుంటే, నడుమ కూడలి గీతలున్న చైనా అభ్యాస పుస్తకం లాంటిదే సిద్ధమవుతుంది.

జవాబు (సిరొంచ, గడ్చిరోలి జిల్లా)

రెండో ప్రశ్నకు చెబుతాను. చైనా 1997లో 7,000 అక్షరాలకు వరుసను ప్రామాణికం చేసింది. 2013 నాటి జాబితాలోని 8,105 అక్షరాలకు 2020లో కొత్త ప్రమాణం వెలువడింది. తైవాన్‌కు 1996 నాటి సొంత కరదీపిక ఉంది. జపాన్ విద్యాశాఖ 1958లో ఇచ్చిన మార్గదర్శిలో, అందులో చూపని వరుసలను తప్పుగా పరిగణించడం లేదని స్పష్టంగా రాశారు. ఆ మాట నాకు ఎంతో నచ్చింది. ‘రాజు’ అనే అక్షరానికి చైనాలో రెండు అడ్డగీతల తరవాత నిలువుగీత వస్తే, జపాన్‌లో మొదటి అడ్డగీత తరవాతే వస్తుంది. ‘కుడి’ అనే అక్షరాన్ని చైనాలో అడ్డగీతతో, జపాన్‌లో ఎడమకు వాలే గీతతో మొదలుపెడతారు. అమ్మాయి నేర్చుకునేది చైనీస్ కనుక చైనా వరుసకే కట్టుబడటం మేలు. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుంటే చేయి కుదురుకోదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. శిరోరేఖ సంగతి మాకు తట్టనేలేదు. జపనీస్ పుస్తకాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టిస్తాను. ఫోనులో టైపు చేయడానికైనా ఈ వరుస పనికొస్తుందా?

జవాబు (దెగ్లూర్, నాందేడ్ జిల్లా)

ఉచ్చారణ తెలిస్తే రోమన్ అక్షరాలతో టైపు చేయవచ్చు. ఉచ్చారణ తెలియని అక్షరం ఎదురైనప్పుడు ఐదు మీటల పద్ధతి ఉంది: అడ్డగీతకు 1, నిలువుకు 2, ఎడమకు వాలే గీతకు 3, చుక్కకు 4, మలుపుకు 5. కుడికి వాలే గీతను చుక్కతోనే లెక్కిస్తారు. ఆ లెక్కన థియెన్‌కు 1, 1, 3, 4 నొక్కాలి. పైగీతను చివరికి వదిలేసే అలవాటుతో నొక్కితే ఆ అక్షరం దొరకదు.