తేనెటీగల పిల్ల పట్టు (గుడ్లు, పిల్లలు పెరిగే పట్టు) చిల్లులు చిల్లులుగా ఉంది. రాణి తప్పా, మగ ఈగల తప్పా?

పలాస జీడితోట:
8 సెరానా (మన దేశీ తేనెటీగ) పెట్టెలు, అన్నీ ఒకే గుంపును విడదీసి పెంచినవి. రెండింట్లో మూత పడిన గదుల మధ్య ఖాళీలు, నూటికి పాతిక దాకా. చచ్చిన పిల్లపురుగు ఒక్కటీ లేదు. రాణి గుడ్లు పెడుతూనే ఉంది. ముసలిదైంది, మార్చెయ్యమంటున్నారు. ఏటి చెయ్యాలి?

సాలూరు పుట్టతేనె:
అప్పుడే మార్చకండి. శవం లేని ఖాళీ అంటే ఆడా మగా తేల్చే సీఎస్‌డీ జన్యువు మీద అనుమానం. తేనెటీగల్లో మనకున్నట్టు ఎక్స్-వై క్రోమోజోములు లేవు. ఫలదీకరణ కాని గుడ్డు (16 క్రోమోజోములు) మగదవుతుంది, అయినది (32) ఆడదవుతుంది. కాని అసలు తేల్చేది సంఖ్య కాదు. సీఎస్‌డీకి చాలా రకాలున్నాయి. తల్లిది ఒక రకం, తండ్రిది వేరే రకమైతేనే ఆడ. రెండూ ఒకటే అయితే 32 క్రోమోజోములున్నా మగే. ఆ పిల్లను, గుడ్డు పగిలిన కొన్ని గంటల్లోనే కూలి ఈగలు తినేస్తాయి.

గజపతినగరం మామిడి:
పరీక్ష ఇదిగో. పారదర్శక షీటు పట్టు మీద ఆనించి, గుడ్డున్న నూరు గదులకు పెన్నుతో చుక్క పెట్టండి. షీటు మళ్లీ అక్కడే ఆనేలా ఫ్రేమ్ మీద రెండు గుర్తులు పెట్టుకోండి. గుడ్డు మూడు రోజులకు పగులుతుంది కాబట్టి నాలుగో రోజు చూడండి. పురుగున్న గదులనే లెక్కించండి. అప్పుడు కనిపించే గుడ్డు రాణి ఖాళీ గదిలో మళ్లీ పెట్టినది, అది పోయిన లెక్కే. చాలామంది ఇక్కడే మోసపోతారు.

మొదట్నుంచీ గుడ్లే అక్కడక్కడా ఉంటే రాణి లోపం. మూత పడే ఈడుకు పురుగు తల పైకెత్తి నీళ్ల సంచిలా ఉంటే థాయ్ సాక్‌బ్రూడ్ అనే వైరస్ జబ్బు. పుప్పొడి దొరక్కపోతే కూడా కూలి ఈగలు పిల్లను తింటాయి, ముందు అది చూడండి.

పలాస జీడితోట:
పాతికే ఎందుకు? సగం పోవాలి గదా?

సాలూరు పుట్టతేనె:
మగ ఈగ రకం రాణి రెండు రకాల్లో ఒకదానితో సరిపోలితే, దాని సంతానంలోనే సగం పోతుంది. రాణి పది మగ ఈగలతో కలిసి, అందులో ఒక్కటే సరిపోలితే నూటికి అయిదే. మగ ఈగలన్నీ రాణికి అన్నదమ్ములే అయితే సగటున సగం సరిపోలతాయి, అంటే నష్టం పాతిక. మీ అంకె అదే.

గజపతినగరం మామిడి:
మీ పెట్టెల్లోని కూతురు రాణినే పెడితే మళ్లీ ఇదే పాట. రాణిలో నిల్వ ఉన్న వీర్యమూ మారదు. దూరపు గుంపులు రెండు మూడు తెచ్చి, వాటి రాణి గదులు ఈ పెట్టెలకివ్వండి. అయితే కొత్త రాణులు జతకట్టే వేళకు వాటి మగ ఈగలూ సిద్ధంగా ఉండాలంటే కనీసం నెలా పది రోజుల ముందే తేవాలి: గుడ్డు నుంచి మగ ఈగ జతకట్టే ఈడుకు రావడానికి అంత పడుతుంది.