వరి నారు పీకి నాటితే బతుకుతుంది, బొప్పాయి ఎందుకు బతకలేదు?

ప్రశ్న: మిద్దెతోటలో ఒకే తొట్టిలో బొప్పాయి, ముల్లంగి విత్తనాలు చల్లాను. జానెడు ఎత్తు ఎదిగాక బొప్పాయి మొక్కలను పీకి వేరే కుండీల్లో నాటాను. మూడు రోజుల్లో అన్నీ తలలు వాల్చి ఎండిపోయాయి. లేతగా ఉన్నప్పుడే మార్చి నాటిన ముల్లంగి బతికింది గాని, దుంపలు రెండు మూడు కాళ్లుగా చీలి వచ్చాయి. మా నాన్నగారు వరి నారును వేర్లు కడిగి, కట్టలు కట్టి మరీ నాటించేవారు. అది చక్కగా బతికేది. నేను చేసిన తప్పు ఏమిటి?

జవాబు: వరిని చూసి మిగతా మొక్కలనూ అలాగే అనుకున్నారండీ, చాలామందికి జరిగేదే. వరిది గుబురు వేరు. విత్తనం నుంచి వచ్చిన మొదటి వేరు మీద అది ఎక్కువ కాలం ఆధారపడదు. కాండం అడుగు కణుపుల నుంచి కొత్త వేర్లు గుత్తులుగా పుడుతూనే ఉంటాయి. నారు పీకినప్పుడు పాతవి తెగినా, కొత్తవి పట్టుకోగానే నారు మూన తిరుగుతుంది, అంటే కొత్త చోట నిలదొక్కుకుంటుంది.

బొప్పాయిది తల్లివేరు, అంటే నిలువుగా కిందికి దిగే ఒకే ప్రధాన వేరు. అయితే అసలు నష్టం కంటికి కనబడని చోట జరిగింది. నీటిని ఎక్కువగా పీల్చేవి వేరు కొనకు కాస్త వెనక నూగులా ఉండే మూలకేశాలు. ఒక్కొక్కటి ఒకే కణం నుంచి సాగిన పోగు. అవి మట్టి రేణువులకు అంటుకుని ఉంటాయి కాబట్టి మొక్కను లాగితే తెగి మట్టిలోనే ఉండిపోతాయి. పైన ఆకులు మాత్రం ఆవిరి వదులుతూనే ఉంటాయి. 1937లో డిట్మర్ అనే అమెరికా శాస్త్రవేత్త నాలుగు నెలల రై (గోధుమలాంటి ధాన్యపు పంట) మొక్క ఒక్కదానికే సుమారు 1,400 కోట్ల మూలకేశాలు ఉంటాయని లెక్కగట్టారు. ఒక్క లాగుడుతో ఎంత పోతుందో చూడండి!

ముల్లంగిలో మనం తినేది చాలా వరకు ఉబ్బిన తల్లివేరే. దాని కొన తెగితే పక్కవేర్లు లావెక్కి కాళ్లలా చీలుతాయి. రాయి అడ్డుపడినా అంతే. ముల్లంగి, క్యారెట్ విత్తనాలను పెరిగే చోటే వేసి, ఒత్తుగా మొలిస్తే పలచన చేయండి.

మరొకరు: వంగ, మిరప, టమాటా కూడా తల్లివేరు మొక్కలే కదా. వాటిని నారు పోసే నాటుతున్నాం.

జవాబు: సరైన చోట పట్టుకున్నారు. వాటికి తల్లివేరు కొన తెగినా పక్కవేర్లు త్వరగా పుట్టుకొస్తాయి. టమాటాకు కాండం నుంచి కూడా వేర్లు వస్తాయి, అందుకే కాస్త లోతుగా నాటుకోవచ్చు. అయినా తీసే ముందు నారుమడిని బాగా తడపాలి, నారు లేతగా ఉండాలి, ఎండ తగ్గాక సాయంత్రం నాటాలి. బొప్పాయికి అంత ఓర్పు లేదు. విత్తనాన్ని పాలిథిన్ సంచిలోనే మొలకెత్తించి, నాటేటప్పుడు సంచిని కోసి, మట్టిగడ్డ చెదరకుండా గుంతలో దించండి.

అడిగినవారు: ఈసారి సంచుల్లోనే వేస్తాను. నాటాక వరికి లాగా నీరు నిలబెట్టవచ్చా?

జవాబు: వద్దండీ. వరి కాండం నుంచి వేర్ల దాకా గాలి నడిచే ఖాళీలు ఉంటాయి, అందుకే నీటిలో నిలుస్తుంది. బొప్పాయి వేర్లు మట్టి సందుల్లోని గాలినే పీల్చాలి. నీరు నిలిస్తే ఊపిరాడక కుళ్లిపోతాయి. నాటే ముందు కుండీ అడుగు రంధ్రాలు తెరుచుకుని ఉన్నాయో లేదో చూడండి. ఆ తరువాత పైమట్టి వేలికి పొడిగా తగిలినప్పుడే నీరు పోయండి.